నీళ్ల మీద తేలే కిరోసిన్, నాకు పోయిన ఒక మార్కు: వక్రీభవనం చదివిన తీరు

ఫ్రెండ్స్, నాది బీఏ. పదో తరగతి తర్వాత ఫిజిక్స్ పుస్తకం తెరవలేదు. కానీ రైల్వే ఉద్యోగాల ఆర్‌ఆర్‌బీ గ్రూప్-డీ పరీక్షలో 100 ప్రశ్నల్లో 25 జనరల్ సైన్సే, పైగా తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. వదిలేస్తే కుదరదని కూర్చున్నాను. పరావర్తనం రెండు రోజుల్లో అయిపోయింది. వక్రీభవనం, అంటే ఒక పదార్థంలోంచి మరోదాంట్లోకి వెళ్లేటప్పుడు కాంతి వంగడం, దాని దగ్గర మాత్రం చాలా రోజులు ఆగిపోయాను.

'విరళ యానకం నుంచి సాంద్రతర యానకంలోకి వెళ్తే కాంతి లంబం వైపు వంగుతుంది.' యానకం అంటే కాంతి ప్రయాణించే పదార్థం, లంబం అంటే రెండు యానకాల హద్దుకు నిట్టనిలువుగా గీసుకునే గీత. నిద్రలో లేపి అడిగినా ఈ ముక్క చెప్పేవాణ్ణి. అయినా ఒక మాక్ టెస్టులో దెబ్బతిన్నాను. నీళ్లలోంచి కిరోసిన్‌లోకి వెళ్లే కాంతి ఎటు వంగుతుందని ప్రశ్న. కిరోసిన్ నీళ్ల మీద తేలుతుంది, సాంద్రత తక్కువ, కాబట్టి విరళ యానకం అనుకుని 'లంబానికి దూరంగా' అని పెట్టేశాను. తప్పు.

తెలుగు మీడియం వాళ్లకు ఇక్కడే చిక్కు. 'సాంద్రతర' అన్న మాటలోనే సాంద్రత కూర్చుని ఉంది. కానీ ఇక్కడ దానికి బరువుతో పని లేదు. కాంతి ఎక్కడ ఎక్కువ నెమ్మదిస్తుందో అదే సాంద్రతర యానకం. ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె వక్రీభవన గుణకం: నీటిది 1.33, కిరోసిన్‌ది 1.44. తేలేది కిరోసినే, కాంతిని ఎక్కువ నెమ్మది చేసేదీ అదే.

అయినా మనసు ఒప్పుకోలేదు. రూమ్‌లో గాజు గ్లాసులో సగం నీళ్లు పోసి, పైన పల్లీ నూనె పోశాను. రంగులేని విరిగిన గాజు ముక్కకు దారం కట్టి, సగం నూనెలో, సగం నీళ్లలో ఉండేలా వేలాడదీశాను. నీళ్లలో ఉన్న సగం అంచులు స్పష్టంగా కనిపించాయి. నూనెలో ఉన్న సగం బాగా మసకబారి, వెతికితే గానీ దొరకలేదు. నూనె గుణకం సుమారు 1.47, గాజుది సుమారు 1.5. రెండూ దగ్గర కాబట్టి హద్దు దాటేటప్పుడు కాంతి పెద్దగా వంగదు, అంచు కనపడదు. పైన తేలే నూనె, కాంతి విషయంలో నీటి కన్నా గాజుకే దగ్గర! ఆ రాత్రి తర్వాత నాకు ఈ పాఠం మళ్లీ తప్పలేదు.

అప్పటి నుంచి అన్నీ వేగంతోనే చదివాను. శూన్యంలో కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు, నీటిలో 2.25 లక్షలు, గాజులో 2 లక్షలు, వజ్రంలో సుమారు 1.24 లక్షలు. వేగం తగ్గితే లంబం వైపు, పెరిగితే దూరంగా. సరిగ్గా లంబం వెంటే వస్తే వేగం మారుతుంది గానీ దారి మారదు. వేగంతో పాటు తరంగదైర్ఘ్యం మారుతుంది, పౌనఃపున్యం మారదు. ఈ బిట్ తప్పకుండా చూసుకోండి.

4 అడుగుల నీళ్ల తొట్టి పైనుంచి 3 అడుగులే కనిపించడం, సూర్యుడు సుమారు 2 నిమిషాలు ముందే ఉదయించినట్టు కనిపించడం, నక్షత్రాల మిణుకు వక్రీభవనం కింద రాసుకోండి. ఎండమావి, వజ్రం మెరుపు, ఆప్టికల్ ఫైబర్ సంపూర్ణాంతర పరావర్తనం కింద. సంపూర్ణాంతర పరావర్తనం అంటే కాంతి హద్దు దాటకుండా మొత్తం వెనక్కి తిరగడం, ఇది సాంద్రతర నుంచి విరళానికి వచ్చేటప్పుడే జరుగుతుంది. ఏ కోణం దాటితే ఇలా వెనక్కి తిరుగుతుందో ఆ సందిగ్ధ కోణం గాజుకు 42 డిగ్రీలు, వజ్రానికి సుమారు 24.

తర్వాతి మాక్‌లో కిరోసిన్ బదులు టర్పెంటైన్ ఇచ్చారు. అదీ నీళ్ల మీద తేలేదే, గుణకం 1.47. 'లంబం వైపు' అని పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయాను.