థర్మల్ ప్రింటర్‌కి సొంత డ్రైవర్ రాస్తున్నా: ఇప్పటిదాకా ఎక్కడికొచ్చిందంటే

డ్రైవర్ అనగానే కెర్నెల్, ఇంటరప్టులు, చిన్న పొరపాటుకే మెషీన్ మొత్తం హ్యాంగ్ అవడం, ఇవే గుర్తొస్తాయి. ప్రింటర్ విషయంలో ఆ టెన్షన్ అక్కర్లేదు. లైనక్స్‌లో యూఎస్‌బీ ప్రింటర్‌కి బైట్లు మోసుకెళ్లే కెర్నెల్ మాడ్యూల్ ఎప్పటినుంచో ఉంది, దాని పేరు యూఎస్‌బీఎల్‌పీ. మనం రాయాల్సింది ఆ బైట్లు తయారుచేసే ఒక మామూలు ప్రోగ్రామ్ మాత్రమే. అది స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి పేజీ బొమ్మ చదివి, స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి ప్రింటర్ కమాండ్లు రాస్తుంది. లైనక్స్‌లో ప్రింటింగ్ పనులు చూసుకునే సాఫ్ట్‌వేర్ కప్స్, అందులో దీన్ని ఫిల్టర్ అంటారు. క్రాష్ అయినా ఆ ఒక్క జాబే పోతుంది, సిస్టమ్‌కి ఏమీ కాదు.

నేర్చుకోవడానికి నేను తీసుకున్నది 58 మిల్లీమీటర్ల రోల్ వేసే థర్మల్ ప్రింటర్, బిల్లులు కొట్టే రకం. రంగుల గొడవ లేదు, చుక్క ఉంటే నలుపు, లేకపోతే తెలుపు. ఎప్సన్ తెచ్చిన ఈఎస్‌సీ పీఓఎస్ కమాండ్లనే వేరే కంపెనీల చవక మోడళ్లు కూడా చాలావరకు అర్థం చేసుకుంటాయి, వాటి డాక్యుమెంట్లు సులువుగా దొరుకుతాయి. ఇంక్‌జెట్‌తో మొదలుపెట్టమని మాత్రం ఎవరికీ చెప్పను. అందులో హెడ్ కదలికలు, నాజిళ్ల వరసలు, రంగుల లెక్కలు అన్నీ ఒకేసారి మీద పడతాయి, పైగా చాలా మోడళ్ల కమాండ్లు బయటికి ఇవ్వరు.

కప్స్ జోలికి పోకముందు నేరుగా డివైస్ ఫైల్‌కి రాసి చూడటం మంచిది. డెవ్ ఫోల్డర్‌లో యూఎస్‌బీ కింద ఎల్‌పీ0 అని కనిపిస్తుంది, మన యూజర్ ఎల్‌పీ గ్రూపులో ఉంటే సాధారణంగా సుడో (అడ్మిన్ హక్కులు) కూడా అక్కర్లేదు. పైథాన్‌లో దాన్ని బైనరీ మోడ్‌లో తెరిచి 27, 64 అని రెండు బైట్లు పంపితే ప్రింటర్ రీసెట్ అవుతుంది (డాక్యుమెంట్లలో హెక్స్ అంకెలు కూడా ఉంటాయి, నేను ఇక్కడ అన్నీ డెసిమల్‌లోనే రాస్తున్నా). తర్వాత మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, చివర్లో లైన్ ఫీడ్ అంటే 10 పంపితే కాగితం మీద పడిపోతాయి, మామూలు ఫాంట్‌లో లైనుకి 32 అక్షరాలు. తెలుగు పంపితే మాత్రం పిచ్చి గుర్తులు వస్తాయి. ఇలాంటి ప్రింటర్ లోపల తెలుగు ఫాంట్ ఉండదు, ఒకవేళ ఉన్నా ఒత్తులూ గుణింతాలూ సరైన చోట కూర్చోబెట్టే షేపింగ్ పని దానికి చేతకాదు. కాబట్టి కంప్యూటర్ దగ్గరే అక్షరాలను బొమ్మగా గీసి ఆ బొమ్మను పంపాలి.

బొమ్మ పంపే కమాండ్ 29, 118, 48, 0. ఎప్సన్ దీన్ని పాతదని పక్కన పెట్టింది కానీ చవక మోడళ్లలో నమ్మకంగా పనిచేసేది ఇదే. దీని తర్వాత వెడల్పు రెండు బైట్లలో, ఎత్తు రెండు బైట్లలో, రెండిట్లోనూ చిన్న బైటు ముందు. వెడల్పు చుక్కల్లో కాదు, బైట్లలో చెప్పాలి. 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) అంటే మిల్లీమీటరుకి 8 చుక్కలు, ప్రింట్ అయ్యే వెడల్పు 48 మిల్లీమీటర్లు, కాబట్టి వరసకి 384 చుక్కలు, అంటే 48 బైట్లు. బైటులో పెద్ద బిట్ ఎడమ వైపు చుక్క. 24 వరసలు పంపాలంటే హెడర్ చివర 48, 0, 24, 0 వేసి సరిగ్గా 1152 బైట్లు ఇవ్వాలి. ఒక్క బైటు తగ్గినా ప్రింటర్ ఎదురుచూస్తూ కూర్చుని, తర్వాత వచ్చే కమాండ్‌ను కూడా బొమ్మలో కలిపేసుకుంటుంది. 48 అని చెప్పి వరసకి 49 పంపితే ఒక్కో వరస 8 చుక్కలు కుడికి జరుగుతూ బొమ్మంతా ఏటవాలుగా వస్తుంది, చివర్లో మిగిలిన బైట్లు చెత్త అక్షరాలుగా పడతాయి. ఏటవాలు కనిపిస్తే ఇంకేమీ వెతక్కండి, వెడల్పు లెక్కే చూడండి.

పేజీ మొత్తం ఒకే కమాండ్‌లో పంపొచ్చు గానీ చిన్న ప్రింటర్లలో బఫర్ (వచ్చిన డేటా దాచుకునే మెమరీ) తక్కువ, అందుకే నేను 24 వరసల ముక్కలుగా కోసి పంపుతున్నా.

ప్రతిసారీ కాగితం తగలేయకుండా ఒక ఉపాయం ఉంది. పీబీఎం బొమ్మల ఫార్మాట్‌లో పీ4 రకం చుక్కలను పేర్చే పద్ధతి, ఈ ప్రింటర్ పద్ధతి ఒకటే: 1 అంటే నలుపు, పెద్ద బిట్ ఎడమ వైపు. మన అవుట్‌పుట్ నుంచి కమాండ్ హెడర్లు తీసేసి, పైన పీ4 అనీ వెడల్పు, ఎత్తు అనీ రాస్తే ఏ ఇమేజ్ వ్యూయర్‌లోనైనా తెరుచుకుంటుంది. దీనికో చిన్న స్క్రిప్ట్ రాసుకున్నా, అసలు ఫిల్టర్ కంటే అదే ఎక్కువ వాడుతున్నా.

ఇక కప్స్. ఫిల్టర్‌కి జాబ్ నంబరు, యూజర్, టైటిల్, కాపీలు, ఆప్షన్లు వరసగా ఆర్గ్యుమెంట్లుగా వస్తాయి, ఆరోది ఉంటే ఫైలు పేరు, లేకపోతే డేటా స్టాండర్డ్ ఇన్‌పుట్‌లో ఉన్నట్టు. స్టాండర్డ్ ఎర్రర్‌కి రాసే ప్రతి లైను ముందూ డీబగ్, ఇన్ఫో, ఎర్రర్ లాంటి మాట పెద్ద అక్షరాల్లో పెట్టి కోలన్ పెడితే కప్స్ దాన్ని లాగ్‌లో సరైన చోట వేస్తుంది. సరదాకి పెట్టిన ప్రింట్ స్టేట్‌మెంట్ స్టాండర్డ్ అవుట్‌పుట్‌కి పోయిందో, అది కాస్తా కాగితం మీదికెక్కుతుంది. ఫిల్టర్ ఫైలు రూట్ పేరు మీద ఉండాలి, ఇతరులు మార్చగలిగే పర్మిషన్లు ఉంటే కప్స్ దాన్ని నడపనే నడపదు.

రాస్టర్ (చుక్కల వరసలుగా వచ్చే పేజీ బొమ్మ) చదవడానికి కప్స్ లైబ్రరీలోనే ఫంక్షన్లు ఉన్నాయి, పేజీ హెడర్ చదివి ఒక్కో వరసా తీసుకోవడమే. కప్స్ సోర్సుతో వచ్చే రాస్టర్‌టులేబుల్ ఫిల్టర్‌ను ముందు చదవండి, లేబుల్ ప్రింటర్ల కోసం రాసింది, ఒక్క కూర్చోటంలో అయిపోతుంది. హెడర్‌లో కలర్ స్పేస్ తప్పకుండా చూడాలి: కే అయితే 1 అంటే నలుపు, డబ్ల్యూ అయితే 1 అంటే తెలుపు. చూడకపోతే పేజీ అంతా నల్లగా వచ్చి హెడ్ వేడెక్కుతుంది.

ప్రింటర్ కాగితం కొలతలు, ఆప్షన్లు కప్స్‌కి చెప్పేది పీపీడీ ఫైలు. దాన్ని చేత్తో రాయకుండా చిన్న డీఆర్‌వీ ఫైలు రాసి పీపీడీసీ అనే టూల్‌తో తయారుచేసుకోవడం నయం. అందులో కొలతలు పాయింట్లలో ఉంటాయి, అంగుళానికి 72. మన 48 మిల్లీమీటర్లు 136 పాయింట్లు, దాన్ని 203 డీపీఐకి మారిస్తే 383 చుక్కల చిల్లర. పోనీలే అని 137 వేస్తే 386 చుక్కలు, అంటే వరసకి 49 బైట్లు, మళ్లీ పైన చెప్పిన ఏటవాలే. అందుకే హెడర్ ఎంత చెప్పినా నా ఫిల్టర్ ప్రతి వరసనూ 48 బైట్లకే కత్తిరిస్తుంది, తక్కువైతే సున్నాలు నింపుతుంది.

ఒక్క బిట్ రాస్టర్ అడిగితే గ్రే రంగులను చుక్కలుగా మార్చే పని నా ఫిల్టర్ దాకా రాకముందే అయిపోయి వస్తుంది, కానీ లేతగా ఉన్న అక్షరాలు చిల్లులు పడ్డట్టు కనిపిస్తున్నాయి. అందుకని 8 బిట్ల గ్రే తీసుకుని నేనే మారుస్తున్నా. అక్షరాలకైతే 128 దగ్గర గీత గీసి అటు నలుపు ఇటు తెలుపు అనేస్తే చాలు, ఒత్తులు కూడా పదునుగా వస్తాయి. ఫొటోలకి మాత్రం ఫ్లాయిడ్ స్టైన్‌బర్గ్ పద్ధతే కావాలి, 1976 నాటిది. ఒక్కో చుక్క దగ్గర మిగిలిన తేడాను 16 భాగాలు చేసి 7 కుడి పక్కకి, 3, 5, 1 కింది వరసకి పంచుతుంది. రెండిట్లో ఏది కావాలో పీపీడీలో ఆప్షన్‌గా పెట్టా.

రోల్ పేపర్‌తో ఇంకో సంగతి, పేజీ చివర ఖాళీ వరసలన్నీ పంపితే తెల్ల కాగితం జానెడు బయటికొస్తుంది. ఖాళీ వరస రాగానే పంపకుండా లెక్క మాత్రమే పెట్టుకుని, తర్వాత నల్ల చుక్క ఉన్న వరస వస్తేనే వాటిని పంపుతున్నా. రాకపోతే అవి అక్కడితో పోయినట్టే. చివర్లో 27, 100, 3 పంపితే చింపుకోడానికి మూడు లైన్లు ముందుకు జరుగుతుంది.

కప్స్ 3లో పీపీడీలు ఉండవు, డ్రైవరే ఒక విడి ప్రోగ్రామ్‌గా నడిచే ప్రింటర్ అప్లికేషన్ అనే పద్ధతి వస్తోంది, దానికి పీఏపీపీఎల్ లైబ్రరీ ఉంది. చుక్కల్ని బైట్లు చేసే భాగాన్ని విడి ఫైలులో పెట్టుకున్నా కాబట్టి అది అటు తీసుకుపోవచ్చు. ముందు మాత్రం కాగితం అయిపోయిందో లేదో కనుక్కునే పని ఉంది: 16, 4, 4 పంపితే ఒక బైటు తిరిగొస్తుంది, అందులో 96 విలువకి సరిపడే రెండు బిట్లు వెలిగితే రోల్ అయిపోయినట్టు. దాన్ని కప్స్ బ్యాక్ చానెల్ (ప్రింటర్ నుంచి జవాబు తిరిగొచ్చే దారి) నుంచి చదివి కాగితం లేదన్న స్టేట్ మెసేజ్‌గా మార్చాలి.