అన్యాయంలో ‘అ’ కనిపించలేదు

విజయవాడలో ఇరవై ఆరేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఎగిరిపోయిన వత్తులు, రాలిపోయిన దీర్ఘాలు నా కంటపడకుండా అచ్చుకు వెళ్లడం అరుదు. నిరుడు కార్తీక మాసంలో ఒక ఉదయం పేజీ ముందు కూర్చుంటే, ఒక పంక్తి మొదట్లో ‘న్యాయాన్ని సహించలేక ఊరు విడిచాడు’ అని కనిపించింది. రచయిత మీద నవ్వు వచ్చింది. దిద్దబోతూ చూపు కాస్త పక్కకు జరిపితే, ‘న్యా’కు ముందు ‘అ’ నిక్షేపంలా ఉంది. తర్వాతి పేజీలో అసమర్థుడు సమర్థుడయ్యాడు. తెలుగులో కాదనే మాటలు చాలావాటికి ఆ ‘కాదు’ ఎడమ కొసనే ఉంటుందని అంతకుముందు ఎన్నడూ ఆలోచించలేదు.

అద్దాల నంబరు మారిందనుకుని కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లాను. పటంలోని ప్రతి వరుసనూ సగం నుంచి చదివాను. ఆయన కూడా నంబరే మారిందన్నాడు, అడ్వాన్సు తీసుకున్నాడు. మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆవిడ అడిగింది.

“ఏమండీ, గోంగూర పచ్చడి ముట్టుకోలేదేం?”

“వేయలేదుగా!”

ఆమె మాట్లాడకుండా పళ్లెం తిప్పింది. పచ్చడి వచ్చింది. “ఇది కళ్లజోడు సంగతి కాదు, లేవండి” అంది.

ఆసుపత్రికి చేరేసరికి సాయంత్రమైంది. మెదడుకు రక్తం అందక వచ్చే స్ట్రోక్ అన్నారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను మొదటి నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలట. ఆ గడువు దుకాణంలో కొంత, నా మొండితనంలో కొంత కరిగిపోయింది. బీపీ మాత్రలు రెండు నెలలుగా మానేసిన ఘనత కూడా నాదే.

ఎడమ కన్ను పోయిందా అని డాక్టరును అడిగాను. కళ్లు రెండూ బాగానే ఉన్నాయన్నారు. మెదడులో కుడి పక్క వెనుక భాగానికి, అంటే పడుకుంటే దిండు ఆనే చోటుకు, రక్తం అందక దెబ్బతింది. రెండు కళ్లూ ఎడమ వైపు చూసేదంతా చేరేది అక్కడికే. నమ్మకం కుదరక ఒక్కొక్క కన్నే మూసి గోడ మీది క్యాలెండరు చూశాను. ఏ కంటితో చూసినా తేదీలు ఉన్నాయి, ఎడమ అంచున ఉండాల్సిన వారాల పేర్లు లేవు.

తర్వాత చూపు ఎంత మేర ఉందో కొలిచే పరీక్ష చేశారు. గిన్నెలాంటి యంత్రంలో గడ్డం ఆనించి, నడిమి చుక్క మీద నుంచి చూపు తిప్పకుండా, వెలుగు కనిపించినప్పుడల్లా బొత్తాం నొక్కాలి. అచ్చయి వచ్చిన కాగితంలో ఎడమ సగం నల్లగా ఉంది. ఆ నలుపు నేను కాగితం మీదే చూశాను. నాకు అటు నలుపేమీ కనిపించదు. మీ వీపు వెనుక మీకు ఏమి కనిపిస్తుంది? అంతే. అందుకే గుమ్మాలకు భుజం కొట్టుకున్నా, లోపం గుమ్మానిదే అనిపించేది.

హైదరాబాదులో అమ్మాయి ఇంట్లో ఉండి, ఆరు వారాలు వర్చువల్ రియాలిటీ, అంటే కళ్లకు పెట్టె కట్టి లేని లోకాన్ని చూపించే చికిత్సకు వెళ్లాను. రోజుకు అరగంట. తలకు కట్టే ఆ పెట్టె మొదటి రోజే కడుపులో తిప్పింది. రెండో రోజు నుంచి జేబులో అల్లం మురబ్బాతో వెళ్లాను. పెట్టెలో ఒక తోట, తోటలో చిలుకలు. ఎడమ వైపు వాలిన చిలుక మొదట కూసేది. కూత విని చూపు అటు తిప్పాలి. రోజులు గడిచేకొద్దీ కూతలు తగ్గించి, ఊరికే వెతకమన్నారు. కళ్లు ఎటు తిరుగుతున్నాయో యంత్రం గీత గీస్తుంది. మొదటి వారం నా గీతలన్నీ బెల్లం చుట్టూ చీమల్లా కుడి పక్కనే మూగాయి.

“సార్, ముందు ఎడమ కొసకు ఒక్క గెంతు వేయండి. అక్కడి నుంచి నెమ్మదిగా కుడికి రండి” అనేది థెరపిస్టు. మా అమ్మాయి వయసే. పోయిన చూపు వస్తుందా అంటే ఆశ పెట్టలేదు. దానంతట అది వచ్చేది ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే వస్తుందని, ఇక్కడ నేర్పేది వెతకడమని చెప్పింది. ఆ మాట చేదుగానే ఉన్నా, ఆ అమ్మాయి మీద గురి కుదిరింది ఆ రోజే.

రెండో ఆట రోడ్డు దాటడం. ఎవరో విదేశీయులు చేసిన రోడ్డు. వాహనాలు కుడి పక్కన నడుస్తాయి కాబట్టి కాలు పెట్టగానే ఎడమ నుంచే మీదికి వస్తాయి. ఎనిమిది సార్లు బస్సు కింద పడ్డాను. నొప్పి లేదు, మళ్లీ దాటడమే. ఈ వైద్యంలో నాకు నచ్చింది ఇదే. మన రోడ్డు మీద ఎడమ గండం డివైడరు దాటాక మొదలవుతుంది. కాకపోతే బందరు రోడ్డులో డివైడరుకు ఇటు పక్క కూడా ఎదురు వచ్చే బైకులుంటాయి. వాటిని ఆ ఆట చేసినవాళ్లు ఊహించలేకపోయారు.

ఇలాంటి వెతుకులాట కాగితం మీద కూడా చేయించవచ్చట. ఇంటికి వచ్చాక మా ఆవిడ చేటలో బియ్యం పోసి నా ముందు పెట్టింది. “ఎడమ మూల నుంచి ఏరండి” అంది. పెట్టెకు పోసిన డబ్బు గుర్తొచ్చి కాస్త బాధపడ్డాను. కానీ చేటలో బస్సులు రావు.

ఆరు నెలలకు మళ్లీ చూపు పరీక్ష చేశారు. కాగితం మీద నలుపు చెక్కుచెదరలేదు. స్కూటరు అమ్మేశాను, దాని గురించి ఇంకేమీ రాయను. బజారులో మా ఆవిడ నా ఎడమ పక్కన నడుస్తుంది. మొదట్లో తప్పిపోయిందని రెండు మూడు సార్లు గాభరాపడ్డాను. ఇప్పుడు తల తిప్పి చూసుకుంటాను.

మొన్న ఉగాది తర్వాత మళ్లీ ప్రూఫులు తెచ్చుకున్నాను. ప్రతి పేజీకీ ఎడమ అంచున ఎర్ర పెన్సిలుతో నిలువు గీత గీస్తాను. చూపు ఆ గీతను తాకాకే పంక్తి మొదలుపెడతాను. అంతకుముందు గంటలో అయ్యే పని మూడు గంటలు పడుతోంది. మొదటి పదహారు పేజీలు పూర్తిచేసి, అనుమానం తీరక మా ఆవిడ చేతికిచ్చాను. రెండు తప్పులు పట్టింది. రెండూ కుడి అంచునే ఉన్నాయి.