బొన్విరె మగ్గాల దగ్గర

ఘానాలోని కుమాసిలో కెజెటియా మార్కెట్‌ పొద్దున్నే తిరిగేశాం. పశ్చిమ ఆఫ్రికాలోని అతి పెద్ద మార్కెట్లలో అదొకటి. చెప్పుల నుంచి ఎండుచేపల దాకా అన్నీ ఉన్నాయి. నేను వెతికిన కెంటే, అంటే ఇక్కడి చేనేత గళ్ళ బట్ట, మాత్రం ఏ కొట్టు చూసినా ప్రింటు గుడ్డే. నేతలో రావలసిన గళ్ళను మిషను మీద అచ్చేసి, గజాల లెక్కన అమ్ముతున్నారు. పైగా ఒకావిడ అదే ఒరిజినల్ అని వాదించింది. కెంటే నేతను యునెస్కో 2024లో వారసత్వ జాబితాలో చేర్చింది. అది పుట్టిన ఊళ్ళకు కూతవేటు దూరంలోనే ఈ వ్యాపారం జరుగుతోందని ప్రాణం ఉసూరుమంది.

అక్రాలో ఉద్యోగం చేసే మా తమ్ముడు, "అయితే కెంటే నేసే ఊరు బొన్విరె పోదాం పద అక్కా" అన్నాడు. టాక్సీవాడు చెప్పిన ధరకు కళ్ళు తిరిగి త్రోత్రో ఎక్కాం. డొక్కు వ్యాను, నిండితే తప్ప కదలదు. ఆ ఎండలో అది నిండేదాకా కూర్చోవడమే పెద్ద ప్రయాణం.

దిగగానే కుర్రాళ్ళు చుట్టుముట్టారు. మా షెడ్డుకు రండి, మా అన్న దగ్గరికి రండి అని ఒకటే గోల. విసుగొచ్చి వెనక్కి పోదామనుకుంటుండగా, షెడ్డు చివర ఎవరినీ పిలవకుండా తన మానాన నేసుకుంటున్న ఒక పెద్దాయన కనిపించాడు. అక్కడే ఆగిపోయాను.

పోచంపల్లిలో చిన్నప్పటి నుంచీ చూసిన గుంట మగ్గమే నాకు తెలిసిన మగ్గం. అక్కడ నూలుకు ముందే రంగులద్ది, ఆ మచ్చలు తప్పకుండా కలిపి నేస్తారు. ఇక్కడ పడుగు చాలా దూరం సాగి ఉంది, చివర బరువైన రాయి. నేసేకొద్దీ ఆ రాయి నేల మీద జరుగుతూ దగ్గరికొస్తుంది. ఆయన కాలివేళ్ళ మధ్య తాళ్ళు. వేళ్ళు కదిపితే పడుగు విడుతుంది, నాడె దూరుతుంది. నేసేది బెత్తెడు వెడల్పు పట్టీ మాత్రమే. అలాంటివి అంచుకు అంచు కలిపి కుడితేనే దుప్పటంత బట్ట. మగవాళ్ళు కట్టుకునే దానికి ఇరవైకి పైగా పట్టీలు కావాలి. గళ్ళు ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా పడాలంటే ప్రతి పట్టీలో పేక పోగులు లెక్క తప్పకూడదు. కాగితం మీద బొమ్మ ఏమీ లేదు, లెక్కంతా ఆయన తలలోనే.

ప్రతి డిజైనుకూ పేరుంది. ఒకదానికి ఘానా మొదటి అధ్యక్షుడు ఎన్‌క్రుమా భార్య ఫాతియా పేరు పెట్టారు. 1966లో ఆయన పదవి పోయాక, ఒక్కడే దేశాన్ని ఏలలేడు అనే అర్థమొచ్చే పేరుకు మార్చారు. రాజకీయాలు బట్టకెక్కడం అంటే ఇదీ!

ఒక పట్టీ ధర అడిగాను. చెప్పాడు. "సగానికి అడుగు అక్కా" అని తమ్ముడు తెలుగులో గొణిగాడు. నాకు నోరు రాలేదు. ఎన్ని రోజులు పట్టిందో అడిగి, ఆయన చెప్పిందాన్ని కూలి లెక్కన వేసి చూసుకున్నాక బేరమాడడం అన్యాయం అనిపించింది. అడిగినంతా ఇచ్చి రెండు పట్టీలు తీసుకున్నాను. మొత్తం బట్ట కొనే స్తోమత నాకు లేదు.

తిరిగి కుమాసి వచ్చే దారిలో ఎన్‌టోన్సోలో దిగి, అడింక్రా అనే గుర్తులను బట్ట మీద వేసే అచ్చులు చూశాం. చెట్టు బెరడు కాచిన నల్లటి రసంలో సొరబుర్ర ముక్క మీద చెక్కిన అచ్చు ముంచి గుడ్డ మీద నొక్కుతారు. అక్కడ ఎక్కువసేపు ఆగలేదు, మన్హియా ప్యాలెస్ మ్యూజియం మూసేస్తారని టెన్షన్.

సీషెల్స్ ప్రవాసం నుంచి 1924లో తిరిగొచ్చిన ఈ ప్రాంతపు అసాంటే జాతి రాజు మొదటి ప్రెంపె కోసం కట్టిన ఇల్లది. 1874లో కుమాసిని దోచుకున్నప్పుడు బ్రిటిష్ సైన్యం పట్టుకుపోయిన బంగారం కథ విన్నది అక్కడే. ఆ దోపిడీ సొత్తూ కలిపి 32 వస్తువులను 2024లో లండన్‌లోని రెండు మ్యూజియాలు పంపాయట, మూడేళ్ళ అప్పుగా! వాళ్ళ సొమ్ము వాళ్ళకే అప్పు! గడువు తీరాక ఏమిటని గైడును అడిగాను. "పొడిగించకపోతే వెనక్కి పంపాలి మేడమ్, ఒప్పందం అలా ఉంది" అన్నాడు మామూలుగా. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. అక్రా బస్సులో తమ్ముడు నిద్రపోయేదాకా వాడితో అదే మాట్లాడాను.