మూడేళ్ల శోకం, పాత్రపై దరువు

ప్రాచీన చైనాలోని కన్ఫ్యూషియస్ బోధకూ తావో మార్గానికీ ఉన్న భేదాన్ని నియమానికీ స్వేచ్ఛకూ మధ్య తగవుగా చెప్పడం పరిపాటి. నాకు మాత్రం అది చావు ఇంట్లోనే స్పష్టంగా కనిపిస్తుంది.

తల్లిదండ్రులు పోయినప్పుడు మూడేళ్లు శోకదీక్ష ఎందుకు, ఏడాది చాలదా అని జై వో అనే శిష్యుడు వాదించిన ఘట్టం, కన్ఫ్యూషియస్ మాటల సంకలనమైన లున్‌యు 17వ అధ్యాయంలో ఉంది. ఆ రోజుల్లో మంచి బియ్యం తిని, పట్టుబట్టలు కట్టి నెమ్మదిగా ఉండగలవా అని గురువు అడుగుతాడు. ఉండగలనంటే, అయితే అలాగే చెయ్యమంటాడు. అతడు వెళ్లాక మాత్రం, బిడ్డ తల్లిదండ్రుల చంక దిగడానికి మూడేళ్లు పడుతుంది కదా అని నొచ్చుకుంటాడు. ఆయన శాస్త్రం చూపి శిష్యుణ్ణి బలవంతపెట్టలేదు. ‘లి’ అనే ఆచారానికి ‘రెన్’ అనే ఆర్ద్రతే ప్రాణమని ఆయన నమ్మకం.

తావో తాత్వికుడు జువాంగ్జీ కథ దీనికి ఎదురుగా నిలుస్తుంది. భార్య పోయిందని పరామర్శకు వచ్చిన మిత్రుడు హుయి షికి, ఆయన కాళ్లు చాపుకుని, పాత్ర మీద దరువేస్తూ పాడుతూ కనిపించాడు. కాపురం చేసి, పిల్లల్ని పెంచి, ముసలిదైన మనిషి పోతే ఇదేం పద్ధతి అని మిత్రుడు మందలిస్తే, మొదట తానూ దుఃఖించాననీ, ఋతువులు మారినట్టే ఆమె రూపం మారిందని గ్రహించాక ఏడుపు ఆపేశాననీ చెప్పాడు. ఈ మాట మరిచి జువాంగ్జీని నిర్దయుడిగా చూడడం పొరపాటు. దుఃఖం ఇద్దరికీ ఉంది. ఒకరు దానికి ఒక ఆకారం కల్పించి నిలుపుతారు, మరొకరు దాన్ని ప్రవాహంలో వదిలేస్తారు.

ఆచారం విశ్వాసానికి పలుచని పొట్టు మాత్రమేనని తావో మార్గపు మూలగ్రంథం తావో తే చింగ్ 38వ అధ్యాయం ఎత్తిపొడుస్తుంది. 19వ అధ్యాయమైతే రెన్‌ను విడిచిపెట్టమనే అంటుంది. అయితే 1993లో హుబే రాష్ట్రంలోని గువోదియన్‌లో, దాదాపు క్రీ.పూ. 300 నాటి సమాధిలో దొరికిన వెదురు పలకల్లో ఆ 19వ అధ్యాయం ఉన్నా, రెన్‌ను విడిచిపెట్టమన్న ఆ మాట లేదు. ఆ చోట విడిచిపెట్టమన్నది కృత్రిమత్వాన్ని అని పలువురు పండితులు చదువుతున్నారు. పలకల్లో ఉన్నది గ్రంథంలో కొంత భాగమే కాబట్టి, పాత తావో గురువులు కన్ఫ్యూషియస్‌ను అసలు విమర్శించలేదని దీన్ని బట్టి తేల్చలేం. కానీ ఆ సమాధిలో వాటి పక్కనే కన్ఫ్యూషియస్ సంప్రదాయపు గ్రంథాలు కూడా ఉన్నాయి.