కొండవాలులో పిజోమీటర్, ఇంక్లినోమీటర్ పెట్టడం: విశాఖలో నా అనుభవం

విశాఖ కొండల్లో ఖొండలైట్ రాయి పైకి గట్టిగానే కనిపిస్తుంది. బోరు వేస్తే మాత్రం చాలాచోట్ల సుద్దలా మెత్తబడిన మట్టి, మధ్యలో గట్టి పట్టీలు వస్తాయి. వాన నీరు ఆ మట్టిలో చేరి ఒత్తిడి పెరిగితే వాలు కదులుతుంది. ఒత్తిడిని పిజోమీటర్‌తో, కదలికను ఇంక్లినోమీటర్‌తో కొలుస్తాం. బోరులో గ్రౌట్ (నీరు, సిమెంట్, బెంటొనైట్ బంకమట్టి కలిపిన జావ) పోసేశాక పరికరాన్ని మళ్లీ బయటికి తీయలేం. అందుకే నా సమయమంతా రీడింగులు నమోదు చేసే లాగర్ పెట్టె దగ్గర కాదు, బోరు దగ్గరే గడుస్తుంది.

పని ఫిబ్రవరి, మార్చి నెలల్లో ముగించాలి. జూన్ వానలకు ముందు పొడి కాలపు రీడింగులు కనీసం రెండు నెలలవి చేతిలో ఉంటేనే అక్టోబరులో వచ్చే పెరుగుదలకు అర్థం ఉంటుంది.

20 మీటర్ల బోరుకు 350 కిలోపాస్కల్ వరకు కొలిచే వైబ్రేటింగ్ వైర్ పిజోమీటర్ వాడతాను. లోపల బిగించిన తీగ కంపనాన్ని బట్టి అది ఒత్తిడిని చెబుతుంది. నీటి లెక్క ప్రకారం 196 కిలోపాస్కల్ కదా, ఇంకా చిన్నది చాలదా అని అడుగుతారు. పచ్చి గ్రౌట్ నీటికంటే బరువు. దాని సాంద్రత 1.3 అనుకుంటే అడుగున 255 కిలోపాస్కల్ పడుతుంది. పరికరం మొదటి రోజే ఆ ఒత్తిడిని తట్టుకోవాలి.

ఎక్కువ తప్పులు జరిగేది జీరో రీడింగ్ దగ్గర, అంటే నీటి ఒత్తిడి లేనప్పుడు తీసే మొదటి రీడింగ్ దగ్గర. పిజోమీటర్‌ను ముందురోజు రాత్రే బకెట్ నీళ్లలో వేసి ఉంచుతాను. ఫిల్టర్ ఊడదీసి, లోపలి ఖాళీని నీటితో నింపి, నీళ్లలోనే మళ్లీ తొడగాలి. గాలి బుడగ మిగిలితే ఒత్తిడి మారినప్పుడు ముందు ఆ బుడగ నలుగుతుంది, రీడింగ్ ఆలస్యంగా వస్తుంది. తర్వాత బోరులో నీటి మట్టానికి కాస్త పైన వేలాడదీసి, పరికరం లోపలి ఉష్ణోగ్రత కొలిచే థర్మిస్టర్ అంకె కదలకుండా నిలిచేదాకా ఆగుతాను. ఇరవై నిమిషాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఎండలో రాతి మీద పడేసిన పరికరానికి జీరో తీస్తే, దాని ఉక్కు ఒంటికీ లోపలి తీగకూ వేడి తేడా ఉంటుంది. ఆ తప్పు తర్వాతి ప్రతి రీడింగులోనూ ఉండిపోతుంది. జీరోతో పాటు ఉష్ణోగ్రత, ఆ నిమిషపు వాతావరణ పీడనం, పరికరం నంబరు ఒకే కాగితం మీద రాయాలి. చివరగా నీటి మట్టం కింద సరిగ్గా 5 మీటర్లకు దించుతాను. 49 కిలోపాస్కల్‌కు దగ్గరగా రాకపోతే పని అక్కడే ఆపి, రీడింగును ఒత్తిడిగా మార్చే లెక్క ఉన్న కాలిబ్రేషన్ కాగితం చూడాలి. చాలాసార్లు వేరే నంబరు పరికరం కాగితం పట్టుకొచ్చి ఉంటారు.

ఇక గ్రౌట్. నా దృష్టిలో పరికరం ఖరీదుకంటే దీని నిష్పత్తే ముఖ్యం. బరువులో నీరు 2.5, సిమెంట్ 1, బెంటొనైట్ (నీళ్లలో ఉబ్బే బంకమట్టి) 0.3. అంటే 50 కిలోల బస్తాకు 125 లీటర్ల నీరు, దాదాపు 15 కిలోల బెంటొనైట్. రేవు పక్కన దొరికే మెత్తటి సముద్రపు బంకమట్టికి ఇది మరీ గట్టి. అక్కడ అదే బస్తాకు 330 లీటర్లు, 20 కిలోలు. ముందు నీళ్లలో సిమెంట్ కలపాలి, ఆ తర్వాతే బెంటొనైట్. డ్రిల్లర్లు అలవాటు కొద్దీ బెంటొనైట్ ముందు వేస్తారు. అది ఉబ్బి చిక్కబడితే పంపు లాగదు, పంపు లాగడానికి ఇంకా నీళ్లు పోస్తారు. దాంతో నీరు, సిమెంట్ లెక్క తప్పి గ్రౌట్ బలం ఎంతో ఎవరూ చెప్పలేని స్థితి వస్తుంది. సిమెంట్ కలిశాక బెంటొనైట్‌ను కొంచెం కొంచెంగా చల్లుతూ, దోసె పిండిలా జారేదాకా తిప్పాలి. 15 కిలోలన్నది అంచనా మాత్రమే, చిక్కదనం చూసి ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది. సిమెంట్, నీరు మాత్రం తూచి వేయాల్సిందే.

100 మిల్లీమీటర్ల బోరు 20 మీటర్లకు 157 లీటర్లు పడుతుంది. ఒక బస్తా కలిపితే వచ్చేది 147. పగుళ్లలోకి పోయేది వేరే. మూడు బస్తాలకు తక్కువ కాకుండా సైటులో ఉంచుకోవాలి, ఎందుకంటే సగంలో ఆగిన గ్రౌట్ మధ్య ఖాళీ వదులుతుంది. పిజోమీటర్‌ను ఫిల్టర్ పైకి ఉండేలా తలకిందులుగా సన్నటి పీవీసీ పైపుకు కట్టి దించి, అదే పైపు గుండా అడుగు నుంచి గ్రౌట్ ఎక్కిస్తాం. పైనుంచి పోస్తే బోరు నీటిలో కలిసి పలచబడుతుంది. పోయడం పూర్తవగానే రీడింగ్ చూడండి. 255 దగ్గర ఉంటే పరికరం, గ్రౌట్ రెండూ బాగున్నట్టే. గ్రౌట్ గట్టిపడే కొద్దీ అది దిగి, మట్టిలోని అసలు ఒత్తిడికి చేరుతుంది.

ఇంక్లినోమీటర్ కేసింగ్ సంగతి వేరు. ఇది లోపల గాడులున్న గొట్టం, వాలును కొలిచే ప్రోబ్ చక్రాలు ఆ గాడుల్లో నడుస్తాయి. అడుగు కనీసం 3 నుంచి 5 మీటర్లు కదలని రాతిలో ఉండాలి. గట్టి పట్టీ తగలగానే రాయి వచ్చిందని ఆపకూడదు, కింద మళ్లీ మెత్తటి మట్టి ఉండొచ్చు. కోర్ (బోరులోంచి తీసే రాతి నమూనా) తీసి చూసుకోవాలి. ఒక జత గాడులు సరిగ్గా వాలు దిశలో ఉండాలి. అతికేటప్పుడు కేసింగ్‌ను తిప్పి సరిచేస్తే గాడులు మెలి తిరుగుతాయి, కాబట్టి మొదటి ముక్క నుంచే దిశ చూసుకోవాలి. గ్రౌట్ కేసింగ్‌ను తేలుస్తుంది. బయట 70, లోపల 59 మిల్లీమీటర్ల కేసింగ్ 25 మీటర్లు వేసి, లోపల నీళ్లు నింపినా ఇంకా 30 కిలోలకు దగ్గరగా పైకి తోస్తుంది. దీనికి పైనుంచి నొక్కడం మందు కాదు. నొక్కితే కేసింగ్ బోరులో పాములా వంగి, ఆ వంపు ఎప్పటికీ ఉండిపోతుంది. అడుగు మూతకు 35 నుంచి 40 కిలోల ఇనుము కట్టి దించాలి.

గ్రౌట్‌కు కనీసం వారం ఇచ్చాక బేస్‌లైన్, అంటే తర్వాతి కొలతలన్నిటినీ పోల్చుకునే మొదటి కొలత. ప్రోబ్‌ను అడుగున పది నిమిషాలు ఉంచి, అర మీటరుకోసారి రీడింగ్ తీస్తూ పైకి రావాలి, తర్వాత 180 డిగ్రీలు తిప్పి మళ్లీ. ప్రతి లోతులో రెండు రీడింగుల మొత్తం దాదాపు ఒకేలా రావాలి. ఒక్కచోట ఎగిరితే చక్రం కేసింగ్ అతుకు మీద ఆగినట్టు, లేదా అర మీటరు లెక్క తప్పినట్టు. ఇలాంటి సెట్లు మూడు తీసి, ఒకదానితో ఒకటి కలిశాకే బేస్‌లైన్‌గా పెట్టుకుంటాను.

కేబుల్‌కు బోరులో అతుకు పనికిరాదు. కాలువలో ఇసుక పరిచి, సాగడానికి వీలుగా వంకరలుగా వేయాలి. షీల్డ్ తీగను లాగర్ వైపు ఒక్కచోటే ఎర్త్ చేయాలి. ఉప్పు గాలికి టెర్మినళ్లు త్వరగా పచ్చబడతాయి కాబట్టి కేబుల్ లాగర్ పెట్టె అడుగు వైపు నుంచే లోపలికి రావాలి, సిలికా జెల్ మార్చుతూ ఉండాలి.

వాతావరణ పీడనం నమోదు చేసే బారోమీటర్ లాగర్ ఖర్చు తగ్గించుకోమని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటింది ఈ ఊరి మీదే. తుపానులో వాతావరణ పీడనం 50 హెక్టోపాస్కల్ పడితే, సీల్ చేసిన (లోపలికి బయటి గాలి చేరని) పిజోమీటర్ రీడింగ్ 5 కిలోపాస్కల్ వరకు, అంటే దాదాపు అర మీటరు నీరు, తగ్గినట్టు చూపించవచ్చు. అదే రోజు వానకు కొండలో నీరు అర మీటరు పెరిగితే గ్రాఫ్ మీద గీత కదలదు. లాగర్ పెట్టెలోనే బారోమీటర్ పెట్టి, పిజోమీటర్లతో పాటు అదే నిమిషానికి దాని రీడింగ్ కూడా రికార్డయ్యేలా చూసుకోవాలి.