సీడర్ క్రీక్‌లో కలుపు తీసిన వేసవి

సీడర్ క్రీక్‌లో వేసవి ఇంటర్న్‌షిప్‌కి చలికాలంలోనే అప్లై చేశాను. అది మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ల ఫీల్డ్ స్టేషన్, మినియాపొలిస్‌కి ఉత్తరాన ఉంటుంది. నాది వేరే యూనివర్సిటీ, పైగా ఎఫ్-1 స్టూడెంట్ వీసా. ఇంటర్వ్యూ తేలిగ్గానే అయిపోయింది కానీ, చదువులో భాగంగా బయట పనిచేయడానికి కావాల్సిన సీపీటీ అనుమతి చేతికొచ్చేదాకా టెన్షనే.

ఎకాలజీ చదివేవాళ్లకి సీడర్ క్రీక్ పేరు కొత్త కాదు. ఆహారపు గొలుసులో శక్తి మెట్టుమెట్టుకీ ఎలా తగ్గిపోతుందో వివరిస్తూ రేమండ్ లిండెమన్ 1942లో అచ్చువేసిన వ్యాసం ఇక్కడి చిన్న చెరువు మీదే. ఇప్పుడు అడవిదున్నల్లాంటి బైసన్‌లు కూడా మేస్తుంటాయి. నా పని మాత్రం, మొక్కల జాతులు ఎక్కువైతే ఏం మారుతుందో చూడ్డానికి ఎకాలజిస్ట్ డేవిడ్ టిల్మన్ బృందం 1994లో గడ్డి విత్తిన పొలంలో. 9 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న మళ్లు. ఒక్కోదాంట్లో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, లేదంటే పదహారు జాతులు. అప్పుడు ఏవి విత్తారో ఇప్పటికీ అవే ఉండాలి. అందుకని మందు కొట్టకుండా చేత్తో కలుపు తీస్తారు.

ఫోన్లో చెబితే అమ్మ నవ్వింది. "కలుపు తీయడానికి అమెరికా దాకా ఎందుకే? మన చేలో లేదా?"

మన చేలో కలుపేదో చిన్నపిల్లకైనా తెలుస్తుంది. ఇక్కడ ఈ మడిలో పైరైన మొక్కే పక్క మడిలో కలుపు. ఒకే జాతి ఉన్న మడి వచ్చిందంటే నడుం పడిపోయేది, ఖాళీ నేల కనిపిస్తే చాలు ఏదో ఒకటి మొలుస్తుంది మరి. పదహారు జాతుల మడిలో కలుపుకి అంతగా చోటు దొరకదు. ఒకే జాతి మళ్లతో పోలిస్తే గడ్డి దిగుబడి కూడా అందులో సగటున రెట్టింపుకి పైనే. ఇదంతా రీసెర్చ్ పేపర్లలో ముందే చదివాను, అయినా మోకాళ్ల మీద కూర్చుని చూస్తే వేరు.

అసలు కష్టం గుర్తుపట్టడం. స్విచ్‌గ్రాస్, ఇండియన్ గ్రాస్, బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి జాతులు పూతకి రాకముందు నాకు మూడూ ఒకటే. ఆకుని కాడ నుంచి మెల్లగా వెనక్కి వంచి, రెండూ కలిసే చోట చూడమన్నారు. అక్కడ తెల్లటి నూగు గుబురుగా ఉంటే స్విచ్‌గ్రాస్. రెండు చిన్న కొమ్ములు నిక్కి ఉంటే ఇండియన్ గ్రాస్. కొన్నాళ్లకి వేలికొసలకే తెలిసిపోయేది. పిడుదుల భయం ఉంది కాబట్టి ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోవాలి, సాయంత్రం ఒళ్లంతా వెతుక్కోవాలి. లైమ్ జబ్బు వస్తే చదువు సంగతి అటుంచి ముందు మనిషి కుదేలవుతుంది.

వేసవి ముదిరాక కోత. మడిలో సన్నటి పట్టీ మేర నేల మట్టానికి కత్తిరించి, సంచిలో వేసుకొచ్చి, బల్ల చుట్టూ కూర్చుని జాతివారీగా ఏరాలి. వాడిపోతే ఆకులు చుట్టుకుపోయి ఏదేమిటో తెలియదు, కాబట్టి చకచకా కానివ్వాలి. ఎండు గడ్డి వేరే కుప్ప. తర్వాత కాగితం సంచుల్లో పెట్టి, ఓవెన్‌లో ఆరబెట్టి తూస్తారు.

విత్తిన జాతి పట్టీలో కనపడకపోతే సున్నా రాయాలి, ఖాళీ వదలకూడదు. ఖాళీ అంటే తూచలేదని. సున్నా అంటే వెతికాం, లేదని. సున్నా రాసే ముందు ఆ మడి కుప్పలన్నీ ఇంకోసారి తిరగేసేవాళ్లం. ఒక్కోసారి ఎండు గడ్డిలోంచి రెండు పచ్చి ఆకులు బయటపడేవి, మళ్లీ వాటికో సంచి, దానిమీదో చీటీ.