టిక్కీ జారిద్దా, జారదా

ఇంటర్ ఫస్టియర్లో మన ఫిజిక్స్ సార్ లెక్క మొదలుపెడుతూనే ఫార్ములా రాసింది ఒక్కరోజు కూడా నాకు గుర్తులేదు. ముందు బొమ్మ వేయాల్సిందే. వస్తువుకు ఒక పెట్టె గీసి, దాని మీద బలాలకు బాణాలు వేయించి, ఒక్కో బాణం మీద చాక్‌పీసు ఆనించి "ఇది ఎవరిది?" అని అడిగేవారు. భూమి లాగుతోంది సార్, బల్ల తోస్తోంది సార్, తాడు గుంజుతోంది సార్, ఇలా పేరు చెప్పాలి, చెప్పలేకపోతే డస్టర్‌తో చెరిపేసేవారు. మనలో చాలామందిమి ఎంఏ (ద్రవ్యరాశి ఇంటూ త్వరణం) అని ఇంకో బాణం వేసేవాళ్ళం కదా, అదైతే ఎన్నిసార్లు చెరిపారో! ఎంఏ ఎవరో వేసే బలం కాదు, ఉన్న బలాలన్నీ కలిపితే వచ్చేది అని నాకు బుర్రకెక్కడానికి నెల పట్టింది.

స్లిప్ టెస్టులో ఇచ్చిన వాలుతలం లెక్క మాత్రం నేను మర్చిపోలేను. 40 కిలోల మిర్చి టిక్కీ, అంటే మిర్చి బస్తా, 30 డిగ్రీల వాలులో బల్ల, ఘర్షణ గుణకం (రెండు తలాల మధ్య గరుకు ఎంతో చెప్పే అంకె) 0.5, టిక్కీ జారుతుందా? ఎంజీ, అంటే బరువు, 392 న్యూటన్లు, వాలు వెంట కిందికి లాగేది సైన్ 30 వంతు, అంటే అందులో సగం, 196. ఘర్షణ 392లో 0.5 వంతు, అదీ 196. రెండూ సరిసమానం, టిక్కీ కదలదు అని ధీమాగా రాసిచ్చాను. సార్ తప్పు కొట్టలేదు. "మీ నాన్నగారు యార్డులోనే కదా, అడిగి రా" అన్నారు.

మా నాన్న మిర్చి యార్డులో హమాలీ. అది సీజను, ఆయన ఇంటికొచ్చేసరికి రాత్రి పదయింది, చొక్కా నిండా మిర్చి ఘాటు. అన్నం తింటుంటే అడిగాను. "అంత వాలులోనా? పట్టుకోకపోతే మీదకొచ్చిద్దిరా" అన్నాడు.

అప్పుడు కూర్చుని బొమ్మ వేశాను, టెస్టులో వేయనిది అదే. బల్ల వాలినప్పుడు బరువంతా బల్ల మీద పడదు, కాస్ 30 వంతే (0.866) పడుతుంది. అంటే బల్ల తిరిగి తోసేది 392 కాదు, 339. ఘర్షణ 170కి తగ్గింది, 26 న్యూటన్ల పైచిలుకు మిగిలింది, దాన్ని 40తో భాగిస్తే త్వరణం 0.66 వచ్చింది. టిక్కీ జారింది. నాన్న చెప్పిందీ కాగితం మీద వచ్చిందీ ఒకటే అయ్యేసరికి నాకు ఒళ్ళు జలదరించింది, ఆ సంతోషం ఎంసెట్ ర్యాంకు వచ్చినప్పుడు కూడా కలగలేదు.

నాన్న చెయ్యి కడుక్కుని వచ్చి కాగితం చూసి, "మరి బరువు టిక్కీ తొందరగా జారిద్దా, తేలికదా?" అని అడిగాడు. త్వరణం లెక్కలో 40 పైనా ఉంది, కిందా ఉంది, కొట్టేశాను. రెండూ ఒకేలా జారతాయి నాన్నా అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "గోతం గరుకును బట్టే అంతా" అన్నాడు. ఘర్షణ గుణకం అన్న మాట ఆయన ఎన్నడూ విని ఉండడు.

మర్నాడు ఇదంతా చెబితే సార్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచి బొమ్మ వేయించారు. మూడు బాణాలు వేశాను, మూడింటికీ యజమానుల పేర్లు చెప్పాను. డస్టర్ టేబుల్ మీదే ఉంది.

సార్ రాయించిన ఆ లెక్కల నోట్సు నా దగ్గర పోయింది. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే జిరాక్స్ తీసి పంపండి, మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్.